స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంఘం – నిర్మాణ సమస్యలు

(రైల్వే, తపాలా ఉద్యోగుల సంయుక్త అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



వేతన సవరణ, పెన్షను, ఖాళీల భర్తీ వంటి విషయాల నడుమ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనే అంశానికి ఒక గంట కేటాయించినందుకు కొందరు మిత్రులు ఆశ్చర్యం వెలిబుచ్చారు. ఆ ఆశ్చర్యం సహజమే. మాలో పలువురికి కూడా మొదట అట్లాగే తోచింది. ఇది కంప్యూటరు చదువుకున్నవారి వ్యవహారమనీ, మన సంఘాలకు సంబంధించినది కాదనీ అనుకున్నాము. ఆ అభిప్రాయం ఎందుకు మారినదో, మారిన తరువాత మేము నిర్మించుకున్న చిన్న సంఘం ఏ పొరపాట్లు చేసినదో, వాటి నుండి ఏమి నేర్చుకున్నదో దాపరికం లేకుండా మీ ముందు ఉంచదలచుకున్నాము.

నిబంధనల పుస్తకం ఎక్కడికి పోయింది?

మన ఉద్యోగ జీవితం యావత్తు నిబంధనల మీద నడుస్తున్నది. స్టేషన్ మాస్టరు బల్ల మీద జనరల్ అండ్ సబ్సిడియరీ రూల్సు పుస్తకం ఉంటుంది. పోస్టుమాస్టరు బీరువాలో పోస్టల్ మాన్యువల్ సంపుటాలుంటాయి. ఆ పుస్తకాలు మనలను ఇబ్బంది పెట్టిన సందర్భాలున్నవి, కాపాడిన సందర్భాలూ ఉన్నవి. పైఅధికారి నోటిమాటగా ఇచ్చిన ఆజ్ఞ నిబంధనకు విరుద్ధమైనప్పుడు, "అయ్యా, ఫలానా పేరా చూడండి" అని వినయంగా చెప్పగలిగిన గుమాస్తా ఎన్నోసార్లు నిలదొక్కుకున్నాడు. నిబంధనల ప్రకారం మాత్రమే పనిచేస్తామనే మన పోరాటరూపం సైతం ఆ పుస్తకాన్ని మనం చదవగలగడం నుండి పుట్టినదే.

నేడు ఆ నిబంధనలు కంప్యూటరు లోపలికి వెళ్లిపోయినవి. సేవింగ్స్ బ్యాంకు వడ్డీ లెక్క, రోజు చివరి నగదు నిల్వ, టిక్కెట్ల కోటా, సిబ్బంది సెలవుల ఖాతా, ఇవన్నీ ప్రోగ్రాములు తేలుస్తున్నవి. ప్రోగ్రాము అనగా నిబంధనల పుస్తకమే. అయితే దానికి రెండు రూపాలుంటాయి. మనిషి చదివి అర్థం చేసుకోగల రూపాన్ని సోర్సు కోడు అంటారు. యంత్రం నడుపుకొనే రూపంలో అంకెల వరుస తప్ప మనిషికి మరేమీ కనిపించదు. మనకు సాధారణంగా అందేది రెండవ రూపమే. అనగా మన మీద అమలవుతున్న నిబంధనల పుస్తకం సీలువేసిన కవరులో ఉన్నది. పాటించవలసినవారము మనము, తప్పు జరిగితే సంజాయిషీ చెప్పుకోవలసినవారమూ మనమే. చదివే హక్కు మాత్రం మనకు లేదు.

బ్రిటన్ సబ్ పోస్టుమాస్టర్లకు జరిగినది

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. తపాలా మిత్రులు ప్రత్యేకించి వినవలసిన చరిత్ర ఒకటున్నది. బ్రిటన్ తపాలా కార్యాలయాలలో 1999 నుండి హొరైజన్ అనే కంప్యూటరు లెక్కల వ్యవస్థను ప్రవేశపెట్టారు. ఫుజిట్సు కంపెనీ దానిని నిర్వహించింది. అక్కడి సబ్ పోస్టుమాస్టర్లు ఒప్పందం ప్రకారం నగదులో ఏ తరుగు వచ్చినా తామే భరించవలసినవారని యాజమాన్యం వాదించింది. యంత్రం కొందరి ఖాతాలలో లేని తరుగులు చూపించనారంభించింది. వారు సహాయ కేంద్రానికి ఫోను చేస్తే, ఇటువంటి ఫిర్యాదు మరెవ్వరి నుండీ రాలేదు, మీ ఒక్కరికే వచ్చింది అన్న సమాధానం పలువురికి లభించింది. ఒక్కరే అన్న మాట మనిషిని ఎంత కుంగదీస్తుందో డిపార్టుమెంటు విచారణలు ఎదుర్కొన్నవారికి చెప్పనవసరం లేదు.

కొందరు ఇండ్లు తాకట్టుపెట్టి తరుగు చెల్లించారు. 1999 నుండి 2015 వరకు 900 మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కలు మొదలైన నేరాల క్రింద శిక్షలు పొందారు. కొందరు జైలుకు పోయారు. కంప్యూటరు సరిగానే పనిచేస్తున్నదని న్యాయస్థానం భావించే సంప్రదాయం అక్కడ ఉండినది. అది సరిగా లేదని రుజువు చేయవలసిన భారం నిందితుల మీద పడింది. కాని లోపల ఏమున్నదో చూసే అవకాశం వారికి లేదు. తెలిసిన లోపాల జాబితా ఒకటి నిర్వాహకుల వద్ద ఉన్నదన్న సంగతి చాలాకాలం వెలుగులోకి రాలేదు. అంతకంటె బాధాకరమైన విషయమేమనగా, ఆ సబ్ పోస్టుమాస్టర్ల సమాఖ్య నాయకత్వం కూడా యంత్రం పటిష్ఠమైనదనే వాదనను సమర్థించింది. ఈ వాక్యాన్ని సంఘ నాయకులమైన మనమంతా రెండుసార్లు చదువుకోవాలి.

వేల్స్‌లో తన పోస్టాఫీసును పోగొట్టుకున్న అలన్ బేట్స్ అనే ఆయన 2009లో ఇటువంటి బాధితులను ఒకచోట చేర్చారు. "మీ ఒక్కరికే" అన్న అబద్ధం ఆ సమావేశంతో కూలిపోయింది. 555 మంది కలసి వేసిన దావాలో 2019 డిసెంబరులో హైకోర్టు, ఆ వ్యవస్థలోని లోపాలు ఖాతాలలో తరుగులు కలిగించగలిగినవని తీర్పు చెప్పింది. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు ఒకేరోజున 39 మంది శిక్షలు రద్దు చేసింది. 2024 మే నెలలో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి మిగిలినవారిలో అత్యధికుల శిక్షలను తుడిచివేసింది. 2025 జూలైలో విచారణ సంఘం వెలువరించిన మొదటి సంపుటం, ఈ ఉదంతం కారణంగా కనీసం 13 మంది ప్రాణాలు తీసుకొని ఉండవచ్చునని పేర్కొన్నది.

దీనినుండి మేము రెండు పాఠాలు తీసుకున్నాము. తన మీద అమలయ్యే నిబంధనను చదివే హక్కు లేని ఉద్యోగికి రక్షణ లేదనేది మొదటిది. రెండవది, చదివే హక్కు ఉన్నంత మాత్రాన చాలదు. కలిసి కూర్చుని చదివేవారు, పోల్చిచూసేవారు, "నాకూ అట్లాగే జరిగింది" అని చెప్పేవారు ఉండాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మొదటి దానిని ఇస్తుంది. సంఘం రెండవ దానిని ఇస్తుంది.

స్వేచ్ఛ వేరు, ఉచితం వేరు

ఇంగ్లీషు భాషలో ఈ రెండింటికీ ఒకే మాట ఉండుటచేత ఆ దేశాలలో దీని గురించి ముప్పై నలభై యేండ్లుగా వివరణలు ఇచ్చుకోవలసి వస్తున్నది. మన తెలుగుకు ఆ ఇబ్బంది లేదు. స్వేచ్ఛ అన్నా, ఉచితం అన్నా మనకు వేరువేరు అర్థాలు. అయినా మేము మొదట్లో ఉచితం అన్న మాటనే ముందుకు తెచ్చి నష్టపోయాము. ఆ కథ తరువాత చెబుతాము.

1983 సెప్టెంబరు 27న అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే పథకాన్ని ప్రకటించారు. ప్రోగ్రాములు వ్రాసేవారు అంతవరకు తమలో తాము పంచుకుంటూ వచ్చిన సోర్సు కోడును కంపెనీలు దాచిపెట్టనారంభించిన కాలమది. ఆయన నిర్దేశించిన స్వేచ్ఛలు నాలుగు. ప్రోగ్రామును ఏ పనికైనా నడుపుకొనే స్వేచ్ఛ మొదటిది. అది ఎట్లా పనిచేస్తున్నదో చదివి, మన అవసరానికి తగినట్లు మార్చుకొనే స్వేచ్ఛ రెండవది. ప్రతులు ఇతరులకు ఇచ్చే స్వేచ్ఛ మూడవది. మార్చిన ప్రతులను కూడా పంచే స్వేచ్ఛ నాలుగవది. 1989లో వెలువడిన గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు ఈ స్వేచ్ఛలకు చట్టబద్ధమైన రక్షణ కల్పించింది. దాని కిటుకు సులభమైనదే. మీరు తీసుకోవచ్చు, మార్చవచ్చు, అమ్మవచ్చు కూడా. కాని మీరు పంపిణీ చేసేటప్పుడు సోర్సు కోడును, అవే స్వేచ్ఛలను పుచ్చుకొనేవారికి ఇవ్వాలి. ఊరుమ్మడి చెరువులో ఎవరైనా నీళ్లు ముంచుకోవచ్చు గాని చుట్టూ కంచె వేసుకోరాదన్న కట్టుబాటు వంటిదన్నమాట. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ కూడా మరుసటి సంవత్సరమే ఈ లైసెన్సు క్రిందికి వచ్చింది.

మన పాత సంఘ కార్యాలయాల సైక్లోస్టైల్ యంత్రాన్ని జ్ఞాపకం తెచ్చుకోండి. స్టెన్సిలు కోయడం ఒకరికి, సిరా పోయడం ఇంకొకరికి వచ్చు. రోలరు చెడితే లోకోషెడ్డు ఫిట్టరు వచ్చి విప్పి బాగుచేసేవాడు. ఆ యంత్రాన్ని విప్పరాదని ఎవరూ మనకు ఆజ్ఞ ఇవ్వలేదు. మనం కోరుతున్నది ఆ పాటి స్వాతంత్ర్యమే.

1980 దశకంలో కంప్యూటర్ల రాకను మన సంఘాలనేకం వ్యతిరేకించినవి. ఉద్యోగాలు పోతాయన్నది నాటి భయం. ఆ భయం నిరాధారమైనదని మేము అనము. కాని యంత్రం వచ్చిన తరువాత దాని మీద అధికారం ఎవరిదన్న ప్రశ్నను మనం గట్టిగా వేయలేదు. వేసేందుకు ఆధారాలు మన వద్దనే ఉన్నవి. 1986లో ఏర్పడిన రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం రూపొందించిన కాన్సర్ట్ అనే రిజర్వేషను వ్యవస్థ 1994లో మొదట నడిచినది మన సికింద్రాబాదులోనే. తపాలా శాఖలో మేఘదూత్ శాఖ లోపల తయారైనది. మధ్యలో ప్రయివేటు కంపెనీల ద్వారా నడచిన దశ తరువాత, 2025లో దేశమంతటా అమలులోకి వచ్చిన కొత్త తపాలా వ్యవస్థను మళ్లీ శాఖకు చెందిన మైసూరు కేంద్రమే రూపొందించింది. ప్రజల సొమ్ముతో, ప్రజా సంస్థలలో తయారైన ప్రోగ్రాములను చదివే హక్కు ప్రజలకు ఉండాలని అడగడం అత్యాశ కాదు. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రకటించిన విధానమే ప్రభుత్వ వ్యవస్థలలో ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరుకు ప్రాధాన్యమివ్వాలని చెబుతున్నది.

మా తొలి పొరపాట్లు

ఇక మా అనుభవం. ఒక జంక్షన్ పట్టణంలో యూనియన్ కార్యాలయపు వెనుక గదిలో మా పని ప్రారంభమైనది. ఆదివారం నాడు శిబిరం పెట్టి, ఉద్యోగులు తెచ్చిన సొంత కంప్యూటర్లలో గ్నూ లినక్స్ వేసి ఇస్తామని ప్రకటించాము. కరపత్రంలో పెద్ద అక్షరాలతో ఉచితం అని వేశాము. హాలు కిటకిటలాడింది. సాయంకాలానికి మాకు పట్టరాని సంతోషం కలిగింది. రెండు నెలల తరువాత ఇంటింటికి వెళ్లి విచారిస్తే, అత్యధికులు పాత వ్యవస్థకే తిరిగి వెళ్లిపోయినట్లు తేలింది. ఒకరికి ప్రింటరు పనిచేయలేదు. ఇంకొకరి పిల్లవాడి పరీక్ష దరఖాస్తు తెరుచుకోలేదు. అడిగేందుకు మనిషి లేడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య అన్న సామెత వారికి వర్తిస్తుందని మొదట మాలో కొందరు విసుక్కున్నారు. నిదానంగా ఆలోచిస్తే తెప్పను నడియేట వదలివేసినవారము మేమే.

అంతకంటె పెద్ద తప్పు ఇంకొకటి జరిగింది. ఒక మిత్రుని కంప్యూటరులో పాత ఫైళ్లకు నకలు తీసి ఉంచకుండానే పని మొదలుపెట్టాము. ఆయన కుమార్తె పెండ్లి ఫొటోలు పోయినవి. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మాకు శిక్ష అయినది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని లాభం లేదు. ఆనాటి నుండి, నకలు తీసినట్లు యజమాని సంతకం చేయనిదే ఏ యంత్రాన్నీ ముట్టరాదని తీర్మానించుకున్నాము. అదేవిధంగా ఆఫీసు యంత్రాలను అధికారిక అనుమతి లేకుండా తాకరాదన్నది మా రెండవ నియమం. ఉత్సాహంతో ఒక యువ ఉద్యోగి ఆ పని చేసి చార్జిషీటు తెచ్చుకుంటే, ఆయనకూ నష్టం, ఉద్యమానికీ నష్టం.

దానితో పద్ధతి మార్చుకున్నాము. యంత్రం నుండి గాక అవసరం నుండి మొదలుపెట్టాము. మన సంఘానికి నిత్యం ఉండే అవసరమేమి? తెలుగులో సర్క్యులరు తయారు చేయడం. యూనికోడ్‌లో 1991 నుండి తెలుగుకు స్థానమున్నా, మన సర్క్యులర్లు చాలాకాలం పాత పద్ధతి ఫాంట్లలోనే తయారైనవి. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అవి పిచ్చిగీతలుగా కనిపిస్తాయి. ఇరవై యేండ్ల తీర్మానాలు, మెమొరాండాలు మన బీరువాలోనే ఉండి మనకే చదవరాకుండా పోయినవి. ఈ సంగతి చూపించినప్పుడు పెద్దలకు విషయం వెంటనే బోధపడింది. స్వేచ్ఛ గురించి మేము చేసిన పది ఉపన్యాసాలకంటె ఆ ఒక్క తెరవలేని ఫైలు ఎక్కువ పని చేసింది. పోతన, వేమన వంటి ఫాంట్లు స్వేచ్ఛగా లభిస్తున్నవి. లిబ్రెఆఫీసులో తెలుగులో వ్రాసుకోవచ్చు. ఆ పాత సర్క్యులర్లను ఒక్కొక్కటిగా యూనికోడ్‌లోనికి మార్చడమే మా సంఘపు మొదటి సమష్టి కార్యక్రమమైనది. ప్రింటరు పనిచేయక వెళ్లిపోయిన మిత్రులలో కొందరు ఆ పని కోసం తిరిగి వచ్చారు.

నియమావళి అవసరం

మరొక దెబ్బ బదిలీ రూపంలో వచ్చింది. మా యంత్రాల సంకేతపదాలన్నీ ఒక రైల్వే మెయిల్ సర్వీసు మిత్రునికే తెలుసు. ఆయన సమర్థుడు, నిస్వార్థుడు. ఆయనకు దూరపు డివిజనుకు బదిలీ అయినది. నెల తిరిగేసరికి మా పని ఆగిపోయింది. ఆయనను తప్పుపట్టడానికి లేదు. ఆఫీసులో చిన్న సబ్ ఆఫీసు మారినా చార్జి రిపోర్టు వ్రాసి, ఇద్దరూ సంతకం చేసే మనము, సొంత సంఘంలో ఆ జాగ్రత్త పాటించలేదు. ఇప్పుడు ప్రతి పనికీ ఇద్దరు బాధ్యులుంటారు. ప్రతి పనీ ఎట్లా చేయాలో నోటుపుస్తకంలో వ్రాసి ఉంటుంది. ఏడాదికొకసారి బాధ్యతలు మారుతాయి, చార్జి రిపోర్టుతో సహా.

ఈ విషయంలో డెబియన్ అనే సంస్థ చరిత్ర మాకు ఉపకరించింది. 1993 ఆగస్టు 16న ఇయన్ మర్డాక్ ప్రారంభించిన ఈ పథకం స్వచ్ఛంద సేవకుల శ్రమతో ఒక సంపూర్ణ వ్యవస్థను తయారు చేస్తూ వస్తున్నది. మన తెలుగు రాష్ట్రాలలో 2005 నుండి పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ రూపొందించిన తెలుగు వ్యవస్థ డెబియన్ మీదనే ఆధారపడింది. డెబియన్ 1997లో తన సామాజిక ఒప్పందాన్ని, 1998లో రాజ్యాంగాన్ని ఆమోదించుకున్నది. ఏటా నాయకుని ఎన్నుకుంటారు. నాయకుని అధికారాలు పరిమితమైనవి. సభ్యుల తీర్మానం నాయకుని నిర్ణయాన్ని సైతం కొట్టివేయగలదు. కొత్తవారు సభ్యులు కావాలంటే సామాజిక ఒప్పందాన్ని అంగీకరించి, పని చేసి చూపి, పాత సభ్యుల పరిశీలన పొందాలి. 2023 సెప్టెంబరులో ఆ సంస్థ వార్షిక సమావేశం కొచ్చిలో జరిగినది.

ఆ రాజ్యాంగంలో మమ్మల్ని ఆలోచింపజేసిన నియమం ఒకటున్నది. ఏ సభ్యుని మీదా ఏ పనినీ బలవంతంగా మోపడానికి వీలులేదు. అయితే నియమానుసారంగా జరిగిన నిర్ణయానికి అడ్డుపడటానికీ వీలులేదు. మన యూనియన్‌లో క్రమశిక్షణకు అలవాటుపడినవారికి ఇది మొదట వింతగా తోచింది. కాని ఆలోచించండి. డ్యూటీ ముగించుకొని, నిద్ర మానుకొని వచ్చేవానిని ఆజ్ఞతో పని చేయించలేము. పని ఎందుకు అవసరమో చెప్పి ఒప్పించాలి. ఒప్పుకోనివాడు పక్కకు జరగవచ్చు, కాళ్లు పట్టి లాగరాదు.

ఇంకొక రక్షణ కూడా ఈ లైసెన్సులలోనే ఉన్నది. నాయకత్వం దారి తప్పితే, సోర్సు కోడును తీసుకొని సభ్యులు వేరుగా సాగవచ్చు. ఓపెనాఫీసు అనే పథకం చేతులు మారి ఒరాకిల్ కంపెనీ క్రిందికి పోయినప్పుడు, 2010 సెప్టెంబరులో దానిలోని కార్యకర్తలు బయటికి వచ్చి లిబ్రెఆఫీసును నెలకొల్పారు. మనం నేడు వాడుతున్నది అదే. ఈ హక్కు ఉన్నదన్న ఎరుకే నాయకులను అదుపులో ఉంచుతుంది. అయితే చీలిక చివరి ఆయుధం. సమ్మె వలెనే దానిని మాటిమాటికీ వాడేవారి బలం తగ్గిపోతుంది.

అలసిన మనిషి

సంఘాలను బయటి శత్రువులకంటె లోపలి అలసట ఎక్కువగా నాశనం చేస్తుంది. దీనికి ప్రపంచమంతా చూసిన నిదర్శనం 2024లో జరిగినది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న పనిముట్టు లినక్స్ యంత్రాలలో విస్తారంగా వాడుకలో ఉన్నది. దానిని చాలాకాలంగా ఒకే ఒక్క మనిషి, జీతం లేకుండా, చూసుకుంటూ వచ్చాడు. ఆరోగ్యం బాగాలేదని, ఇది తీరిక వేళలలో చేస్తున్న పని అని ఆయన బహిరంగంగానే చెప్పుకున్నాడు. పని ఆలస్యమవుతున్నదని కొన్ని అపరిచిత గొంతులు ఆయనను వేధించినవి. అదే సమయంలో సహాయం చేస్తానంటూ ఒక వ్యక్తి వచ్చి, రెండేండ్లకు పైగా ఓపికగా పనిచేసి, నమ్మకం సంపాదించి, బాధ్యత చేతికి రాగానే అందులో దొంగదారి అమర్చాడు. ఆ పేరు వెనుక ఎవరున్నదీ బయటపడలేదు. 2024 మార్చి చివరలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన యంత్రంలోకి ప్రవేశించడానికి మామూలుకంటె అర సెకను ఎక్కువ పడుతున్నదని గమనించి, కారణం వెదకుతూ పోయి దానిని పట్టుకున్నాడు. విస్తృతంగా వ్యాపించక ముందే ప్రమాదం తప్పింది.

సోర్సు కోడు చదివే వీలుండబట్టి దొంగదారి మూలం దాకా వెళ్లి చూడగలిగారన్నది నిజం. కాని మనం అంతటితో తృప్తిపడరాదు. ఆ ఒక్క మనిషి పక్కన మరో ఇద్దరు నిలబడి ఉంటే మోసగానికి చోటు దొరికేది కాదు. అందరూ అందలం ఎక్కేవారే అయితే మోసేవారెవరన్న మాట ఇక్కడ అక్షరాలా నిజమైనది. స్టేషన్లలో అదనపు పనిగంటల గురించి కొట్లాడే మనము, మన సంఘంలో ఒకే కార్యకర్త భుజాల మీద బరువంతా పెట్టి అభినందన తీర్మానాలతో సరిపెట్టుకోవడం న్యాయం కాదు. మా సంఘంలో ఇప్పుడొక నియమమున్నది. మూడు నెలలు వరుసగా శిక్షణ ఇచ్చినవారు ఒక నెల విశ్రాంతి తీసుకోవాలి. ఇష్టముండి కాదు, నియమముండి.

కొత్తవారి పట్ల మర్యాద కూడా దీనికి సంబంధించినదే. "ఆ మాత్రం తెలియదా?" అన్న ఒక్క ప్రశ్న ఒక సభ్యుని శాశ్వతంగా దూరం చేస్తుంది. గ్రామీణ డాక్ సేవకురాలైన ఒక సోదరి మా తరగతికి రెండుసార్లు వచ్చి మానుకున్నది. కారణం విచారిస్తే, తరగతి రాత్రి ఎనిమిదింటికి ముగుస్తున్నదనీ, చివరి బస్సు ఏడున్నరకేననీ తెలిసింది. మహిళలకు ఆసక్తి లేదని అంతవరకు మేము తేలికగా తీర్మానించుకున్నాము. తరగతిని ఆదివారం ఉదయానికి మార్చిన తరువాత ఆమె ఊరి నుండి మరో ఇద్దరిని వెంటబెట్టుకొని వచ్చింది. తెలుగు సర్క్యులర్లను యూనికోడ్‌లోనికి మార్చే పనికి నేడు బాధ్యత వహిస్తున్నది ఆమెయే.

కేరళ ఉపాధ్యాయుల దారి

కార్మిక సంఘం ఈ రంగంలో ఏమి చేయగలదని అడిగేవారికి కేరళను చూపించవచ్చు. 2001లో తిరువనంతపురంలో భారత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ప్రారంభమైనది. ఆ కాలంలోనే పాఠశాలలలో కంప్యూటరు విద్య ప్రవేశించింది. పాఠ్యక్రమం ఒకే కంపెనీ సరుకుల చుట్టూ అల్లబడుటను కేరళ పాఠశాల ఉపాధ్యాయ సంఘం వ్యతిరేకించింది. అయితే ఆ సంఘం వ్యతిరేకతతో ఆగలేదు. ఉపాధ్యాయులు స్వయంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నేర్చుకొని, ఒకరికొకరు బోధించుకొని, ప్రత్యామ్నాయం సాధ్యమేనని చేసి చూపించారు. ఆ దశాబ్దం ముగిసే లోపలే ప్రభుత్వ పాఠశాలలలో కంప్యూటరు విద్య పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి మారింది. రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో దీనిని వాడటం వలన 3,000 కోట్ల రూపాయల మేరకు ఆదా అవుతున్నదని అక్కడి ప్రభుత్వ సంస్థ కైట్ 2019లో ప్రకటించింది.

డబ్బు మిగలడం మంచిదే. కాని మాకు అంతకంటె ముఖ్యమైనదిగా తోచినది వేరు. పాఠశాలలో వాడే ప్రోగ్రాములలో ఏమి ఉండాలో నిర్ణయించే పనిలో పాఠం చెప్పే మనిషికి చోటు దొరికింది. ఉద్యోగి పనిముట్టుకు అనుబంధం కాకుండా, పనిముట్టుకు కర్త కాగలిగాడు. ఆ చోటు కౌంటరులో కూర్చునే గుమాస్తాకు, ప్యానెలు ముందు కూర్చునే స్టేషన్ మాస్టరుకు ఎందుకు దొరకరాదు?

మన కర్తవ్యాలు

మిత్రులారా, గంట ముగియవచ్చింది. ఈ అనుభవాల ఆధారంగా శాఖలకు కొన్ని సూచనలు చేస్తున్నాము.

ఒకటి. ప్రతి శాఖలో ఐదుగురికి తగ్గకుండా ఒక అధ్యయన బృందం ఏర్పరచండి. నిపుణులు దొరికేదాకా ఆగనవసరం లేదు. మాలో మొదట ఎవరూ నిపుణులు కారు.

రెండు. మీ యూనియన్ కార్యాలయపు సొంత యంత్రంతో, సొంత సర్క్యులర్లతో ప్రారంభించండి. ఇతరులకు బోధించే ముందు మన ఇల్లు చక్కబెట్టుకుందాము.

మూడు. చందా పది రూపాయలైనా సరే, రశీదు ఇవ్వండి, ఏటా లెక్క తనిఖీ చేయించండి. నిబంధనలు బహిరంగంగా ఉండాలని కోరే సంఘపు ఖాతాలు మూసి ఉండరాదు.

నాలుగు. యంత్రం చూపిన తరుగు, తప్పుడు లెక్క, ఆగిపోయిన లావాదేవీ ఏది జరిగినా తేదీ, సమయం, తెరపై కనిపించిన సందేశంతో సహా వ్రాసి ఉంచుకోండి, శాఖకు తెలియజేయండి. ఖాతాదారుల పేర్లు, ఖాతా నంబర్లు మాత్రం ఆ కాగితంలో ఉండరాదు. బ్రిటన్‌లో పది సంవత్సరాలు పట్టిన పని, అనగా నాకూ అట్లాగే జరిగింది అని ఒకరికొకరు చెప్పుకోవడం, మనకు పది రోజులలో జరగాలి.

ఐదు. శాఖాపరమైన విచారణలో కంప్యూటరు లెక్కను సాక్ష్యంగా చూపినప్పుడు, ఆ లెక్క ఎట్లా వచ్చిందో వివరించమని, లావాదేవీల పూర్తి నమోదులను చూపమని రాతపూర్వకంగా కోరండి. ప్రజాధనంతో తయారైన ప్రోగ్రాముల సోర్సు కోడును ప్రజలకు వెల్లడించాలన్న కోర్కెను మన డిమాండ్ల పత్రంలో చేర్చవలసినదిగా ఫెడరేషన్‌ను అభ్యర్థిస్తున్నాము.

చివరిగా ఒక మాట. ఆ బ్రిటన్ ఉద్యోగులు దొంగలని ప్రపంచం నమ్మిన రోజులలో వారి దగ్గర కోడు లేదు, డబ్బు లేదు, పత్రికలు లేవు. ఒక గ్రామపు హాలులో కుర్చీలు వేసుకొని కూర్చున్న కొద్దిమంది మాత్రమే ఉన్నారు. మన వెనుక గది కూడా అటువంటిదే. ఆ గదికి తాళం వేయకుండా చూడవలసిన బాధ్యత మనందరిది.